ఉప్పు గోదాము హోటల్లో ఆదివారాలు

మా పెద్దమ్మ ఆ హోటల్లో పందొమ్మిదేళ్ళు వంట చేసింది. ఆ పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ కుర్చీలో కూర్చోలేదు. వెనక సందు తలుపులోంచి లోపలికి వెళ్ళేది, అదే తలుపులోంచి బయటికి వచ్చేది. నది వైపు కిటికీలు ఎలా ఉంటాయని నా చిన్నప్పుడు అడిగితే, "ఏమోనే, పొయ్యి దగ్గర నుంచి చూస్తే వెలుగు కనపడుతుంది, నీళ్ళు కనపడవు" అంది.

అది మొదట ఉప్పు గోదాము. పడవల మీద వచ్చిన బస్తాలు దింపుకోవడానికి రెండు వందల ఏళ్ళ కిందట కట్టారు. మూరెడు మందం గోడలు. నది వైపు గోడకు పడవలు కట్టే ఇనప కడియాలు ఇంకా ఉన్నాయి. ముసురు పట్టిందంటే గోడల్లోంచి ఉప్పు తెల్లగా పొంగుతుంది, ఎన్ని రంగులు వేసినా పెచ్చులు ఊడిపోతాయి. హోటలంటే పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఒకదానితో ఒకటి పొంతన లేని కుర్చీలు, బల్లల మీద మందపాటి కాయితం, నల్లబల్ల మీద సుద్దతో రాసిన ఆ రోజు వంటలు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుక కాళ్ళతో వచ్చినా ఎవరూ ఏమీ అనరు. జనం వచ్చేది నది గాలికి, నిప్పుల మీద కాల్చిన చేపకి. ఆ చేప కాల్చేది మా పెద్దమ్మ.

వంటింట్లో ఆమెను నిప్పక్క అనేవారు. బొగ్గుల మీద అరచెయ్యి చాపి, మూడు అంకెలు లెక్కపెట్టి, "ఇప్పుడు వెయ్యండి" అనేదట. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. పొగగొట్టం ఫ్యాను హోరు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు అలాగే స్థిరపడిపోయింది. ఇంట్లో ఆమె ఉప్పందించమంటే పక్కింటివాళ్ళు ఉప్పు పట్టుకొస్తారని మా పెదనాన్న ఏడిపించేవాడు. ఆయన రేవులో జనాన్ని అటూ ఇటూ దాటించే మర పడవ నడిపేవాడు. గట్టిగా మాట్లాడితే నీళ్ళు బెదురుతాయన్నట్టుండే మనిషి.

హోటలు పెట్టిన పెద్దాయన రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు అందరి మధ్యా కూర్చుని ఆ రోజు వండిందే తినేవాడు. "నేను తినలేనిది అమ్మను" అనేవాడు. ఆయన పోయాక కొడుకు వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, పొద్దున లేచింది మొదలు మొహం మీద నవ్వే. చేపలు తెచ్చేవాళ్ళని కసిరినా నవ్వుతూనే కసిరేవాడు. నవ్వులయ్య అని వంటింటివాళ్ళు పేరు పెట్టారు. పెద్దమ్మ మాత్రం బాబుగారూ అనే పిలిచేది, మీరు అనే మాట్లాడేది. ఆయన కింద ఎనిమిదేళ్ళు చేసింది.

ఆ ఎనిమిదో ఏడు ఎండల్లో నేలమాళిగలో ఉన్న ఫ్రీజరు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరూ చూసుకోలేదు. ఆదివారం పొద్దున పెద్దమ్మ మూత తీసేసరికి మంచు కరిగి చేపలు నీళ్ళలో తేలుతున్నాయి.

"బాబుగారూ, ఇవి పనికిరావు. పారేద్దాం" అంది.

"ఏమీ కాలేదు. నీ ముక్కుకే ఏదో అయింది."

"మొప్పలు చూడండి. నది కూడా వద్దంటుంది వీటిని."

నవ్వులయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "అక్కా, ఇంకో గంటలో బల్లలన్నీ నిండుతాయి. కారం దట్టించు, కాస్త మాడనియ్యి. ఏమన్నా అయితే నేను చూసుకుంటాను. నేను లేనూ?"

పెద్దమ్మ రెండుసార్లు వద్దంది. మూడోసారి చేప తీసి నిప్పుల మీద వేసింది. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత, గోడ వైపు తిరిగి.

ఇరవైముగ్గురు ఆస్పత్రి పాలయ్యారు. చాలామంది రెండు రోజుల్లో ఇంటికెళ్ళారు. ఊళ్ళో పిల్లలందరికీ బొమ్మలు వెయ్యడం నేర్పిన డ్రాయింగు మాస్టారు మాత్రం తొమ్మిది రోజులు మంచం మీదే ఉన్నాడు. బతకడన్నారు. బతికాడు గానీ ఆ తర్వాత చేతికర్ర లేకుండా నడవలేకపోయాడు.

ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పెద్దమ్మ చూపుడువేలికి గోరుచుట్టు. గుడ్డ కట్టుకుని ఉంది. నవ్వులయ్య ఆ వేలు పట్టుకుని పైకెత్తి చూపించాడు. "పుండు దాచిపెట్టి వండింది సార్. పాతమనిషి కదా అని నమ్మాను. చెప్పుంటే సెలవు ఇచ్చేవాణ్ణి కాదా?" అన్నాడు. ఆ రోజు మాత్రం నవ్వలేదట, కళ్ళు తుడుచుకున్నాడట. పెద్దమ్మ నోరు తెరిచేలోపు ఇన్‌స్పెక్టరు రాసుకోవడం అయిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే మాట వినడమే గానీ, అది ఒంటి మీద పడగా నేను చూసింది మా పెద్దమ్మకే.

మర్నాడు నవ్వులయ్య వీధి తలుపుకి నోటీసు అంటించాడు. "అనారోగ్యానికి కారణమైన వంటమనిషిని తొలగించాము. మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం." నాలుగు నెలలు ఉంచాడు దాన్ని. ఎండకి అక్షరాలు వెలిసిపోతే కొత్తది అంటించాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఏ వంటింట్లోనూ ఆమెను గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ చెయ్యి మంచిది కాదన్నారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూడా, "ఇప్పుడేగా తిని వచ్చాం" అని మంచినీళ్ళతో సరిపెట్టేవారు. డ్రాయింగు మాస్టారు ఎదురైతే కర్ర టకటకలాడించుకుంటూ వీధికి అటువైపు దాటిపోయేవాడు. అన్నిటికన్నా అదే ఆమెను ఎక్కువ కోసింది. చివరికి ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని దొరికింది. ఈ కథ జరిగేనాటికి నాలుగేళ్ళుగా అదే పని.

నేనొకసారి ఆ లాండ్రీకి వెళ్ళాను. వేడి దుప్పటి రెండు అంచులూ పట్టుకుని ఫట్టుమని విదిలించి, నాలుగు మడతలు వేసి, పైన పిడికిలితో ఒక్క గుద్దు గుద్దింది. తర్వాతి దుప్పటికీ అంతే. పక్కన పనిచేసే ఆమె నాతో నవ్వుతూ, "మీ పెద్దమ్మ రోజుకి రెండు వందల గుద్దులు. ఎవరిని గుద్దుతోందో మాకూ తెలుసులే" అంది.

పెదనాన్న రోజూ ఒకటే పాట. "పోనీవే. వాడి పాపాన వాడే పోతాడు."

"పోవడం లేదుగా. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరుగుతున్నాడుగా" అనేది పెద్దమ్మ.

నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని. ఆమెకు యాభైఎనిమిదో ఏట నేనే కళ్ళు పరీక్ష చేయించి అద్దాలు కట్టించాను. కొత్త అద్దాలు పెట్టుకుని ఇంటికి నడుస్తూ దారిలో కనపడిన బోర్డులన్నీ చిన్నపిల్లలా పైకి చదివింది. నది వీధికి వచ్చాక గోదాము ముందు ఆగిపోయింది. వీధి తలుపు పక్కన గోడలో ఒక రాతిపలక ఉంది. అది అక్కడ ఉన్నట్టు నేనూ ఎప్పుడూ గమనించలేదు. కూడబలుక్కుంటూ చదివింది. "ఈ కట్టడము ఊరి జనుల సొత్తు. తెరిచియున్న వేళ వచ్చిన ఏ మనిషినీ ఈ ద్వారము వద్ద ఆపరాదు."

ఇంకోసారి చదివింది. తర్వాత అద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని మూడోసారి చదివింది.

"ఈ ఆదివారం నీకు సెలవేనా?" అని అడిగింది నన్ను.

ఆదివారం పన్నెండున్నరకి ఇద్దరం వీధి తలుపులోంచి లోపలికి వెళ్ళాం. నది కనపడే కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటే అక్కడ కూర్చున్నాం. పెద్దమ్మ కుర్చీని చేత్తో ఒకసారి తడిమి కూర్చుంది. నీళ్ళ మీద ఎండ మెరుస్తోంది, పెదనాన్న పడవ అవతలి ఒడ్డుకి పోతోంది. "ఓహో, ఇదా!" అంది.

నవ్వులయ్య పరిగెత్తుకొచ్చాడు. నవ్వు అతుక్కునే ఉంది గానీ చెవుల దగ్గర ఎర్రబడింది.

"నిప్పక్కా, నువ్విక్కడికి రాకూడదు. జనం చూస్తే బాగోదు."

"వీధి తలుపు పక్క రాయి మీద ఏం రాసుందో చూశారా బాబుగారూ? నాకీమధ్యే కళ్ళద్దాలొచ్చాయి. కాల్చిన చేప ఒకటి పెట్టించండి."

చుట్టుపక్కల బల్లలవాళ్ళు తలలు తిప్పారు. లీజు ఇచ్చింది ఊరు, రాయి పెట్టింది ఊరు. నవ్వులయ్య నీళ్ళు నమిలి వెళ్ళిపోయాడు.

చేప వచ్చింది. పెద్దమ్మ వేళ్ళతో కండ విడదీసింది, వెన్నుముల్లు దగ్గర చూసింది, వాసన చూసింది, ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. తర్వాత పళ్ళెం పక్కకు జరిపి, అరవకుండా, మామూలుగానే అంది. ఆమె మామూలు గొంతు సంగతి మీకు చెప్పాను కదా.

"ఇది శుక్రవారం చేప."

హోటలంతా వినపడింది. ఒకాయన నోటిదాకా తెచ్చుకున్న ముద్ద ఆపి చూసుకున్నాడు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పన్నెండున్నర, కిటికీ పక్క బల్ల. ఆమె పెట్టుకున్న నియమం ఒకటే, అబద్ధం చెప్పకూడదు. చేప బాగుంటే "బాగుంది" అని తిని, మూతి తుడుచుకుని లేచేది. బాగోకపోతే ఆ సంగతి చెప్పేది. "నూనె మూడోసారి కాగింది." "దీన్ని మంచులో పెట్టలేదు, మంచు పక్కన పెట్టారు." ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. ఊరికే తిట్టడానికి వచ్చిందనుకుంటే జనం రెండు వారాల్లో పట్టించుకోవడం మానేసేవారు. బాగున్నరోజు బాగుందనేసరికి ఆమె మాటకి బరువొచ్చింది. ఇంకో నెలకి, నల్లబల్ల చదవడం మానేసి ఆమె మొహం చూసి వంటలు చెప్పుకునేవాళ్ళు తయారయ్యారు.

"అమ్మా, ఇవాళ ఏది తినొచ్చంటారు?" అని పక్కబల్లవాళ్ళు అడిగేవారు.

"గుడ్లు తినండి. గుడ్డుకి మోసం తెలీదు" అనేది.

నవ్వులయ్య తెలివైనవాడే. ఒక ఆదివారం కిటికీ బల్ల ముందే ఎవరికో ఇచ్చేశానని ఆమెను చేతులు కడుక్కునే గది పక్కన కూర్చోబెట్టాడు. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ అక్కడే ఆగి అడగడంతో ఇంకా ఎక్కువమందికి వినపడింది. ఇంకో ఆదివారం పొద్దున పట్టిన చేప ఒకటి తెప్పించి ఆమెకు మాత్రం అది పెట్టించాడు. పెద్దమ్మ వాసన చూసి నవ్వింది. పళ్ళెం ఎత్తి పక్కబల్ల మీద కూర్చున్న ముసలమ్మకిచ్చి, "వదినగారూ, ఇది మీరు తినండి, అమృతంలా ఉంటుంది. మీది ఇటివ్వండి" అంది. ముసలమ్మ ఇచ్చిన పళ్ళెంలోంచి తను ఒక్క ముక్క తిని, "బుధవారం చేప" అంది. కౌంటరు దగ్గర నవ్వులయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

నిజం చెప్పాలంటే ఆ ఆదివారాల్లో నాకు చాలా సంతోషంగా ఉండేది. వారమంతా ఎదురుచూసేదాన్ని. పెద్దమ్మ నడక మారింది. దుప్పట్ల మీద గుద్దులు తగ్గాయని లాండ్రీలో చెప్పారు. వారం వారం ఆ మనిషి నవ్వు కొంచెం కొంచెం వదులవడం చూసి ఆమె కళ్ళలో ఒక మెరుపు వచ్చేది. అది మంచి మెరుపని అనను. కానీ నేనూ దాన్ని చూసే మురిసిపోయాను.

పదహారో ఆదివారం మేం బయటికి వచ్చి మలుపు తిరిగేసరికి వెనక సందులోంచి ఒకామె పరిగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఏప్రన్ విప్పలేదు, చేతుల నిండా మసి. పెద్దమ్మ తర్వాత వచ్చిన వంటావిడ. అప్పటిదాకా మేమెప్పుడూ ఆమె మొహం చూడలేదు. వెనక తలుపు మనిషి కదా.

"అమ్మా, మీరు రావడం మానెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"నిన్నేమన్నానమ్మా? నేననేది ఆయన్ని."

"మీరు ఆయన్ని అంటారు, అది నాకు తగులుతుంది. మీరు వెనక్కి తోసిన పళ్ళెం ఉంది చూశారూ, అది ప్రతివారం నాచేత తినిపిస్తాడు. అందరి ముందూ నిలబెట్టి, ముల్లు తప్ప ఏమీ మిగలకుండా. పోయినవారం రెండు రోజులు వాంతులయ్యాయి. పాత చేప కొనేది నేనా? పారేద్దామంటే వినేది ఎవరు?" ఆమెకు ఏడుపు ఆగలేదు. "మీకేం చేశాడో అందరూ చెప్పారు. మరి మీరు నాకు చేస్తున్నదేమిటి?"

పెద్దమ్మ తల దించుకుంది. నేనామెను అలా ఎప్పుడూ చూడలేదు. "అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే" అని తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత ఆ వంటావిడ మసి చెయ్యి పట్టుకుని, "మరి తను తినడా? వాళ్ళ నాన్న రోజూ తినేవాడే" అని అడిగింది.

"ఆయనా? హోటలు తిండి ముట్టడు. ఇంటినుంచి క్యారియరు వస్తుంది."



తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఆపై రెండు ఆదివారాలూ వెళ్ళలేదు. నిప్పక్క చల్లారిందని నవ్వులయ్య బల్ల బల్లకీ వెళ్ళి చెప్పుకున్నాడట. నేనూ అదే అనుకుని లోపల కొంచెం ఉసూరుమన్నాను. ఈలోగా గోదాముకి రెండు వందల ఏళ్ళు నిండాయని ఊరంతా ఒకటే హడావుడి. పురపాలక సంఘం చైర్‌పర్సనమ్మ, పెద్దమనుషులు, మొత్తం అరవైమందికి ఆదివారం మధ్యాహ్నం భోజనం. గోడ మీద పెట్టడానికి గోదాము బొమ్మ వేసిచ్చినందుకు డ్రాయింగు మాస్టారిని కూడా పిలిచారు. నవ్వులయ్య లీజు ఇంకో పదేళ్ళు పొడిగించేది ఆ రోజేనని అందరికీ తెలుసు.

ఆ పొద్దున ఎనిమిదింటికి వంటావిడ మా పెద్దమ్మ ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"మంచుపెట్టెలు రాలేదమ్మా. గురువారం దింపిన చేప, మాళిగలో గోనెపట్టా కింద ఉంది. పారేద్దామన్నాను. కారం దట్టించమన్నాడు. తను చూసుకుంటానన్నాడు."

"అవే మాటలా?"

"అవే."

పెద్దమ్మ చాపమీద కూర్చుండిపోయింది. పెదనాన్న పడవ తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి పోనీవే అనలేదు.

"ఎన్నిసార్లు వద్దన్నావు?" అని అడిగింది పెద్దమ్మ.

"రెండుసార్లు."

"అక్కడే ఆగు. మూడోసారి మనం వేరేగా చెబుదాం. ఒక్క చేప కాల్చు. ఒక్కటే. మిగతావి తాకకు. ఆ ఒక్క పళ్ళెం నువ్వే చేత్తో పట్టుకుని ఆయన ముందు పెట్టు. ఇంకెవరి ముందూ పెట్టకు. ప్రాణం పోయినా పెట్టకు."

ఒంటిగంటకు హోటలు కిటకిటలాడుతోంది. కిటికీ పక్క బల్లలన్నీ కలిపి పొడుగ్గా వేశారు. చైర్‌పర్సనమ్మ మధ్యలో, పక్కన నవ్వులయ్య. మేం తలుపు దగ్గర చిన్న బల్ల దగ్గర కూర్చున్నాం. మమ్మల్ని చూసి ఆయన మొహం ఒక్క క్షణం వాడింది గానీ పెద్దమనుషుల ముందు ఏం చేస్తాడు? చైర్‌పర్సనమ్మ రెండు మంచిమాటలు మాట్లాడి కూర్చుంది. వంటింటి తలుపు తెరుచుకుంది. వంటావిడ ఒకే ఒక్క పళ్ళెం పట్టుకుని, అందరినీ దాటుకుంటూ వచ్చి నవ్వులయ్య ముందు పెట్టింది.

"నాకెందుకు? మేడమ్‌గారికి పెట్టు" అన్నాడు నవ్వుతూ.

పెద్దమ్మ లేచింది. "మొదటి ముద్ద యజమానిది. పెద్దాయన ఉన్నప్పటి పద్ధతి అది. ఆయన రోజూ ఇక్కడే, అందరి ముందే తినేవాడు."

చైర్‌పర్సనమ్మకి పాత సంగతులేవీ తెలియవు. "అవునా! ఎంత బాగుంది. తినండి మరి, మీతోనే మొదలుపెడదాం" అని చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు.

నవ్వులయ్య ఒక ముక్క తుంచాడు. నోటిదాకా తీసుకెళ్ళాడు. అక్కడ చెయ్యి ఆగింది. నవ్వు పెదాల మీదే ఉంది. చప్పట్లు ఒక్కొక్కటే తగ్గి ఆగిపోయాయి. ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"నాకు... చేప పడదండి."

ఇన్నేళ్ళూ ఆయన్ని మీరు తప్ప ఇంకో మాట అనని మా పెద్దమ్మ ఆ రోజు మొదటిసారి అంది. "నీకు చేప పడదా, ఈ చేప పడదా?"

బల్ల చివర కుర్చీ జరిగిన చప్పుడైంది. డ్రాయింగు మాస్టారు కర్ర మీద లేచి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చాడు. నవ్వులయ్య భుజం మీదుగా వంగి పళ్ళెం వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన మొహం పాలిపోయింది.

"ఈ వాసన నాకు తెలుసు. తొమ్మిది రోజులు నా నోట్లోంచి పోలేదు" అన్నాడు. తర్వాత నవ్వులయ్యతో, "ఆ రోజు కూడా నీకు తెలుసా?" అని అడిగాడు.

"ఆ రోజు... ఆ రోజు వండింది ఆవిడే కదా మాస్టారూ! అడగండి ఆవిణ్ణి!"

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు. అక్కడ ఆమె ఒక్కమాట దాటేసి ఉంటే గెలుపు పూర్తిగా ఆమెదే. కానీ అబద్ధం చెప్పకూడదన్నది తను పెట్టుకున్న నియమం.

"అవును మాస్టారూ, నేనే వండాను. చెడిపోయిందని తెలిసే వండాను. రెండుసార్లు వద్దన్నాను, మూడోసారి భయపడ్డాను. అది నా తప్పే, మీ కాలికి నేనూ కారణమే. కానీ నా వేలికున్న గోరుచుట్టు కాదు. చెడిన చేప, తెలిసి, ఈయన అమ్మమంటే నేను కాల్చాను." మాళిగ మెట్ల వైపు చెయ్యి చూపించింది. "మాళిగలో గోనెపట్టా కింద ఇంకా అరవైమందికి సరిపడా ఉంది. వెళ్ళి చూసుకోండి. ఈ అమ్మాయి వండనంది. నాకన్నా గట్టిది."

చైర్‌పర్సనమ్మ తనే మెట్లు దిగి మాళిగలోకి వెళ్ళింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పైకి వచ్చింది. భోజనం లేదు, లీజు పొడిగింపు లేదు. నవ్వులయ్య ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏదో చెప్పబోయాడు గానీ అందరూ చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు. చివరికి ఆ పొడుగు బల్ల దగ్గర ఆయనొక్కడే మిగిలాడు, ముందు పళ్ళెంతో. ఆ దృశ్యాన్ని పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి తనివితీరా చూసింది. నేను చెయ్యి పట్టి లాగితే, "ఉండవే, నాలుగేళ్ళు ఆగాను, నాలుగు నిమిషాలు ఆగలేవా?" అంది.

మాస్టారు ఆమెను క్షమించానని అనలేదు. మర్నాడు వీధిలో ఎదురైతే మాత్రం అవతలివైపు దాటలేదు. తల ఊపి పోయాడు. అదే చాలంది పెద్దమ్మ. నెల తిరక్కుండా లీజు రద్దయింది. ఆమె తప్పేమిటో, ఆమెది కానిదేమిటో రెండూ రాసి ఊరివాళ్ళు ఒక కాయితం ఇచ్చారు. మిగతా పనివాళ్ళతో కలిసి వంటావిడే హోటలు నడపడానికి ముందుకొచ్చింది. పొయ్యి దగ్గరికి తిరిగి రమ్మని పెద్దమ్మను ఎంతో బతిమాలింది. ఆమె వెళ్ళలేదు. "నా చెయ్యి ఒకసారి సరేనంది. మళ్ళీ అనదని నాకేం నమ్మకం?" అంది. లాండ్రీలోనే ఉండిపోయింది.

మూడు నెలల తర్వాత నవ్వులయ్య ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ లేని చొక్కా. గుమ్మం బయట నిలబడి, "అక్కా, తప్పయిపోయింది. ఇంక మర్చిపో" అన్నాడు.

"మర్చిపోను" అంది పెద్దమ్మ. తిట్టలేదు, అరవలేదు. కూరగాయలు తరుగుతున్న కత్తిపీట ముందు నుంచి లేవను కూడా లేదు. "నువ్వు ఇరవైమూడు ఇళ్ళకి వెళ్ళి ఈ మాట చెప్పిరా. నాది ఇరవైనాలుగో ఇల్లు."

వెళ్ళాడో లేదో మాకు తెలియదు. మళ్ళీ మాత్రం రాలేదు. అవతలి ఒడ్డున ఏదో గిడ్డంగిలో గుమాస్తా పనికి కుదిరాడని విన్నాం. అక్కడికి పోవాలంటే రేవు దాటాల్సిందే.

తర్వాతి సంగతి నాకు పడవలో వచ్చే ఒకామె చెప్పింది. మా పెదనాన్న, ఎవరినీ పల్లెత్తు మాట అనని మా పెదనాన్న, పొద్దున ఎనిమిదింటికి నవ్వులయ్య రేవు మెట్లు దిగి వచ్చేసరికి తాడు విప్పేసి, "పడవ నిండిందండీ, తర్వాతి దానికి రండి" అంటున్నాడట. పడవలో ఆరుగురే ఉంటారట. రోజూ అంతేనట. అరగంట ఒడ్డున నిలబెట్టి, రెండోసారి మాత్రం ఎక్కించుకుని, జాగ్రత్తగా చెయ్యి అందించి మరీ దింపుతాడట.

నేను ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పాను. ఆమె మొదట నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు ఏమైందోనని వచ్చి చూసేంత నవ్వింది. సాయంత్రం పెదనాన్న చెప్పులు విప్పుకుంటుంటే, "ఏమయ్యా, వాడి పాపాన వాడే పోతాడన్నావుగా?" అని అడిగింది.

"పోనీ అనే అంటున్నానే. కాకపోతే కాస్త ఆలస్యంగా పోనీ అంటున్నాను" అన్నాడు ఆయన, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళుతూ.